రెండు జెండాల పడవ

పొద్దున్నే మా ఊరి రేవులో నిలబడితే ఒక వింత కనిపించేది. మా బొలీవియా కాన్సల్ అన్సెల్మో నోసా మా గట్టున పడవెక్కి, మమొరే నది దాటి, బ్రెజిల్ వైపు ఉన్న వీలా క్లారాకు ఉద్యోగానికి వెళ్లేవాడు. అదే వేళకు బ్రెజిల్ కాన్సల్ జురాందిర్ పిన్యేరో వీలా క్లారాలో పడవెక్కి, మా ప్వెర్తో రోమెరోకు ఉద్యోగానికి వచ్చేవాడు. ఒకాయన ఆఫీసు ఇంకొకాయన ఊళ్లో ఉండేది మరి. నది మధ్యలో పడవలు ఎదురైనప్పుడు ఇద్దరూ టోపీలు తీసి, ఏదో పెద్ద దర్బారులో ఉన్నట్టు తలలు వంచేవాళ్లు. ఆ వెంటనే జురాందిర్ పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు రెండు గట్లకూ వినిపించేది.

"మీరిద్దరూ ఇళ్లు మార్చేసుకోండయ్యా! రోజూ ఈ పడవ ప్రయాణం ఎందుకు దండగ?" అనేవాడు మా పడవవాడు కసియానో.

"మార్చుకుంటే నీ పొట్ట కొట్టినట్టు కాదూ?" అనేవాడు జురాందిర్.

నేను జురాందిర్ ఆఫీసులో గుమాస్తాని. నా పేరు నెలిదా. రెండు భాషల్లోనూ ఉత్తరాలు రాయడం నా పని. అన్సెల్మో ఇంటి పక్కిల్లే మాది. అందుకే ఈ కథ నాకు రెండు వైపుల నుంచీ తెలుసు.

అన్సెల్మో అంతకుముందు మా బళ్లో భూగోళం చెప్పేవాడు. బక్క మనిషి, మాట పొదుపు, చొక్కా మడత నలగనిచ్చేవాడు కాదు. జురాందిర్ దానికి పూర్తిగా ఎదురు. ఒళ్లంతా చెమట, నోరంతా మాటలు. అన్సెల్మోకు కూతురు పుట్టినప్పుడు, చర్చిలో బాప్తిస్మం నీళ్ల మీద ఆ పిల్లను పట్టుకుని నిలబడింది జురాందిరే. ఆ రోజు నుంచి వాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. కొంపాద్రే అంటే కొంపాద్రే. మా వైపు ఆ మాటకు తోడబుట్టినవాడి కన్నా ఓ పిసరు ఎక్కువే విలువ. పిల్లేమో జురాందిర్‌ని 'పద్రీనో' అనేది. దేవుడి ఎదుట తండ్రి అయినవాడన్న మాట.

ఆ పిల్ల పేరు ఎర్లిందా. తల్లి చిన్నప్పుడే పోయింది. పెద్దయ్యాక ఇంటి వరండాలో ఒక కుర్చీ, ఒక అద్దం పెట్టుకుని జుట్టు కత్తిరించేది. నెలకోసారి కాన్సల్‌లిద్దరూ వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాల్సిందే.

"కదలకండి. రెండు దేశాల తలకాయలూ నా చేతిలోనే ఉన్నాయి" అని బెదిరించేది.

"నీ చేతిలో ఉన్నంతకాలం యుద్ధం రాదులే తల్లీ" అనేవాడు జురాందిర్, వచ్చీరాని మా భాషలో. ఎర్లిందా ఆ మాటను అచ్చం ఆయనలాగే పలికి వెక్కిరించేది.

ఇరవయ్యేళ్లకు ఆ పిల్ల మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. మా గట్టున డయాలసిస్ యంత్రం లేదు. మా దేశంలో మాకు దగ్గరిదంటే ట్రినిదాదే. ఎండాకాలం బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ పట్టే దారి. వానాకాలం దారే ఉండదు. అవతలి గట్టు ఆస్పత్రిలో మాత్రం యంత్రాలున్నాయి. ఆ ఆస్పత్రి తెల్ల గోడ మా రేవులోకి కనిపిస్తుంది. కానీ అవి బ్రెజిల్ వాళ్ల కోసం. ఎర్లిందాను ట్రినిదాద్‌లో మేనత్త ఇంట్లో పెట్టి వచ్చాడు అన్సెల్మో. వచ్చాక మనిషి సగమయ్యాడు.

"మా ఆస్పత్రిలో అడగొచ్చు కదా కొంపాద్రే" అన్నాడు జురాందిర్.

"కాన్సల్‌ని. సొంత కూతురి కోసం ఎట్లా అడగను?"

"సొంత కూతురి కోసం అడక్కు. మీ ఊళ్లో ఈ జబ్బున్న వాళ్లందరి కోసం అడుగు. కాన్సల్‌గా ఉన్నది అందుకేగా? మావాళ్లని నేను తగులుకుంటాను."

ఏడాదికి పైగా తిరిగారు. ఒకాయన లా పాస్ చుట్టూ, ఇంకొకాయన బ్రసీలియా చుట్టూ. చివరికి రెండు దేశాల అధికారులూ వీలా క్లారాలో ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. నేను కాగితాలు అందించడానికి వెళ్లాను. బ్రసీలియా నుంచి వచ్చిన పెద్దమనిషి కళ్లజోడు తుడుచుకుంటూ, "అంతా బాగానే ఉంది. మరి బదులుగా బొలీవియా మాకేమిస్తుంది?" అన్నాడు.

అన్సెల్మో, "దోమలు" అన్నాడు.

పెద్దమనిషి తుడవడం ఆపి కళ్లజోడు పెట్టుకున్నాడు.

"దోమలకి పాస్‌పోర్టు లేదండీ. మా గట్టున పుట్టి మీ గట్టున కుడతాయి. మలేరియా మందు కొట్టడం వచ్చిన మనుషులు మా దగ్గరున్నారు, మీ దగ్గర లేరు. రెండు గట్లకీ మేమే కొడతాం. మీరు యంత్రం దగ్గర మావాళ్లకి కాస్త చోటివ్వండి."

పెద్దమనిషి నవ్వాడు. సంతకాలయ్యాయి. కసియానో పడవకు రెండు దేశాల జెండాలూ కట్టారు. బ్యాండు వాయించారు. మంత్రులు సోదరభావం గురించి ఎండలో గంటసేపు మాట్లాడారు. జనం చాటుగా నవ్వుకున్నారు. కానీ ట్రినిదాద్ నుంచి ఎర్లిందా తిరిగొచ్చింది. ఆమెతోపాటు మా ఊరి రోగులు వారానికి మూడుసార్లు రెండు జెండాల పడవలో అవతలికి వెళ్లి, సాయంత్రానికి ఇంటికి చేరేవాళ్లు. నవ్విన వాళ్లే ఆ పడవ కనిపిస్తే టోపీ తీసేవాళ్లు. వీలా క్లారాలో ఆ ఏడు మలేరియా కూడా తగ్గింది. రెండు దేశాల స్నేహమంటే నేను కళ్లతో చూసింది అదొక్కటే. మిగిలినవన్నీ నేను టైపు చేసిన ఉత్తరాలు.

తర్వాత కరోనా వచ్చింది.

ఆ రోజు ఎప్పటిలాగే కాన్సల్‌లిద్దరూ పొద్దున్నే నది దాటారు. మధ్యాహ్నానికల్లా రెండు రాజధానులూ, ఒకదాన్నొకటి అడక్కుండానే, నది మూసేశాయి. రేవుల్లో పడవలకు గొలుసులు వేశారు. గస్తీ పడవలు తిరగసాగాయి. అన్సెల్మో అవతల ఉండిపోయాడు. బయట ఉన్న సొంత మనుషుల్ని కూడా మా దేశం వెనక్కి రానివ్వడంలేదు. జురాందిర్‌ని బ్రెజిల్ రానిచ్చేదే. కానీ ఒకసారి వెళ్తే మా వాళ్లు మళ్లీ రానివ్వరు.

ఫోనులో ఇద్దరూ మాట్లాడుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను.

"నువ్వు వెళ్లిపో కొంపాద్రే. మీ అమ్మ ఒక్కతే ఉంది" అన్నాడు అన్సెల్మో.

"నేనొస్తే ఇక్కడ పిల్లనెవరు చూస్తారు? నువ్వెళ్లి మా అమ్మ దగ్గరుండు. నేను నీ ఇంట్లో ఉంటా. ఆమె వండింది మిగల్చకు, తిడుతుంది."

అట్లా నిజంగానే ఇళ్లు మార్చుకున్నారు. తండ్రేమో యంత్రం ఉన్న గట్టున, కూతురేమో లేని గట్టున. కసియానో నా దగ్గరికొచ్చి, "నా నాలుక తెగిపోను. సరదాకన్నాను నెలిదా" అని కళ్లు తుడుచుకున్నాడు.

డయాలసిస్ ఆగితే ఆ రోగులకు తాగిన నీళ్లు కూడా ఒంట్లోనే ఉండిపోతాయి. జురాందిర్ చిన్న గ్లాసుతో కొలిచి నీళ్లిచ్చేవాడు. పెదాలు ఆరితే తడి గుడ్డ అద్దేవాడు. మొదటి వారం ఎర్లిందా బాగానే ఉంది. ఆయన వంటకు వంకలు పెట్టింది, ఆయన జుట్టు కత్తిరించింది. రెండో వారానికి కాళ్లు, మొహం ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక దిండ్లకానుకుని కూర్చునే ఉండేది.

జురాందిర్ ఫోను వదిలిందిలేదు. వాళ్ల విదేశాంగ శాఖ ఆరోగ్య శాఖను అడగమంది. ఆరోగ్య శాఖ పోలీసులను అడగమంది. ఒకసారి ఆయన గట్టిగా అరిచాడు: "ఒప్పందం మీద సంతకం పెట్టింది మన మంత్రి! నది మూస్తే రోగుల్ని ఆపాలని అందులో ఎక్కడుంది?"

అవతలి గొంతు చాలా మర్యాదగా జవాబిచ్చింది. "ఆపకూడదని కూడా లేదు కదండీ."

మా వైపు నుంచి సైన్యం విమానం పంపిస్తామన్నారు. ఎర్లిందాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, ప్లాస్టిక్ పట్టా కప్పి, మధ్యాహ్నమంతా వానలో విమానాల మైదానం దగ్గర కాచుకున్నాం. మబ్బుల పైన విమానం చప్పుడు వినిపించింది. రెండుసార్లు చుట్టూ తిరిగింది. దిగకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు లా పాస్ నుంచి కాగితం వచ్చింది. రోగులు వెళ్లవచ్చు, తిరిగి రాకూడదు. బ్రసీలియా నుంచి మాత్రం ఏమీ రాలేదు. జురాందిర్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇక అడ్డం నా దేశమే కదా. నా దేశం నన్నాపుతుందా? పద, నెలిదమ్మా" అన్నాడు.

నల్ల కోటు వేసుకున్నాడు, టై కట్టాడు. మా రేవుకు కాపలా ఉన్న నావికులు లా పాస్ కాగితం చూసి గొలుసు విప్పారు. కసియానో రెండు జెండాలూ కట్టాడు. మిగిలిన రోగుల కన్నా ఎర్లిందా పరిస్థితే బాగోలేదు. ముందు ఆమెను దాటిస్తే, దారి తెరుచుకుంటే, వాళ్లను తర్వాత తీసుకెళ్లవచ్చనుకున్నాం. నేను ఆమె తల నా భుజం మీద పెట్టుకుని కూర్చున్నాను.

"పద్రీనో, ఈ కోటులో పెళ్లికొడుకులా ఉన్నావు" అంది, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ.

"నీ పెళ్లికని దాచుకున్నాను. ఇదిగో, నీ వల్లే ముందే వేసుకోవాల్సొచ్చింది."

నది మధ్యలో బ్రెజిల్ గస్తీ పడవ అడ్డం వచ్చింది. అందులో ఉన్న సార్జెంటును జురాందిర్ అతని చిన్నప్పట్నుంచీ ఎరుగును.

"సార్, మీరు రావచ్చు. మీరు మా మనిషి. ఆమె రాకూడదు" అన్నాడతను.

"ఆ ఆస్పత్రిలో ఈ పిల్లకి కుర్చీ ఉందిరా. మూడేళ్లుగా అందులోనే కూర్చుంటోంది."

"ఉంది సార్. నాకిచ్చిన ఉత్తర్వులో లేదు."

"అయితే నువ్వెళ్లి మీ పైవాడికి చెప్పు. జురాందిర్ పిన్యేరో నది మధ్యలో కూర్చున్నాడు, కదలనన్నాడని చెప్పు."

సార్జెంటు మొహంలో నెత్తురు లేదు. "ఉండండి సార్. రేడియోలో ఇంకోసారి అడుగుతాను" అని లోపలికెళ్లాడు.

మేం కాచుకున్నాం. వరద నీళ్లు పడవను ఊపుతున్నాయి. అప్పుడు కనిపించాడు అన్సెల్మో. అవతలి రేవు మెట్ల మీద నిలబడి చేతులూపుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు, గాలికి మాట అందడంలేదు. మా పడవ ఆగిపోయిందని చూసి నీళ్లలోకి దిగాడు. మోకాళ్లు మునిగాయి. నడుము మునిగింది. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుంటే విదిలించుకున్నాడు. ఇంకా ముందుకే వస్తున్నాడు. ఇన్నేళ్లు నది మీద తిరిగినా ఆయనకు ఈత రాదు.

ఎర్లిందా నా భుజం మీంచి తలెత్తింది.

"పద్రీనో, పడవ తిప్పించు."

"రేడియోలో అడుగుతున్నారు తల్లీ. ఒక్క నిమిషం."

"నాన్న లోతుకొచ్చేస్తున్నాడు. మనం ఇక్కడున్నంతసేపూ వస్తూనే ఉంటాడు. తిప్పు. నీకు పుణ్యముంటుంది, తిప్పు."

అన్సెల్మోకు గుండెల దాకా వచ్చాయి నీళ్లు. ఒకసారి తల మునిగి పైకి తేలింది. జురాందిర్ ఆయనను చూశాడు, పిల్లను చూశాడు, గస్తీ పడవలో మూసి ఉన్న తలుపును చూశాడు. చేత్తో కసియానోకు సైగ చేశాడు. పడవ తిరిగింది. అవతల జనం అన్సెల్మోను గట్టు మీదికి లాగడం మాకు కనిపించింది.

రేడియోలో ఏమని జవాబొచ్చిందో మాకు తెలియదు. ఏ జవాబూ రాలేదని కొందరన్నారు, రమ్మన్నారని కొందరన్నారు. సార్జెంటు వేరే చోటికి మారిపోయాడు.

ఎర్లిందా ఆ తర్వాత రెండు రోజులుంది. చివర్లో ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాం. తండ్రి బళ్లో పాఠంలా నదుల పేర్లు వరసగా చెప్పాడు, చిన్నప్పుడు అవి వింటూనే ఆమె నిద్రపోయేదట. మమొరే, ఇతెనెస్, బేని, మాద్రె దె దియోస్. ఆ పేర్లు వింటూనే పోయింది. ఆయనకు తెలియక ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఫోను తీయడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు.

తండ్రి వెయ్యవలసిన మన్ను జురాందిర్ వేశాడు.

వారం తిరక్కుండా రోగుల్ని రానివ్వమని బ్రసీలియా కాగితం వచ్చింది. ఆలోపు రోగుల్లో ఒక ముసలాయన కూడా పోయాడు. మిగిలినవాళ్లు రెండు జెండాల పడవలో వెళ్లి బతికారు. వాళ్ల కోసం అవతలి రేవులో నీళ్ల అంచున నిలబడి, ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి దింపింది అన్సెల్మోనేనని కసియానో చెప్పాడు. "అందరూ దిగాక కూడా చెయ్యి అట్లాగే చాపి ఉంచాడు నెలిదా. నేనే దాన్ని పట్టుకుని కిందికి దించాను."

నెలల తర్వాత నది తెరిచారు. అన్సెల్మో తిరిగొచ్చిన రోజున జురాందిర్ రేవులో ఎదురు చూస్తున్నాడు. చేతులు చాచి ముందుకెళ్లాడు. అన్సెల్మో ఆగి, టోపీ తీసి, తల వంచాడు.

"నమస్కారం, కాన్సల్ గారూ" అని పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు.

ఆఫీసుకొచ్చి జురాందిర్, "చెంప మీద కొట్టినా బాగుండేది" అన్నాడు. ఆ తర్వాత ఆయన గట్టిగా నవ్వగా నేను వినలేదు. పొద్దున పడవలు ఎదురైనప్పుడు అన్సెల్మో నీళ్లకేసి చూస్తూ వెళ్లేవాడు.

మరుసటి ఏడు ఒప్పందాన్ని మళ్లీ రాశారు. అన్సెల్మో ఒక్క వాక్యం కోసం పట్టుబట్టాడు: ఏ కారణంతో నది మూసినా ఈ పడవను ఎవరూ ఆపకూడదు. లాయర్లు వాదించారు, బుజ్జగించారు, విసుక్కున్నారు. ఆయన బల్ల దగ్గర్నుంచి లేవలేదు. అవతలి వైపు నుంచి జురాందిర్ ఆ వాక్యాన్నే బలపరిచాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండానే దాన్ని సాధించారు.

సంతకాలై, మంత్రులు వెళ్లిపోయాక, రేవు పందిట్లో వాళ్లిద్దరే మిగిలారు. నేను కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టాను. వెళ్లబోతుంటే జురాందిర్ ఉండమన్నట్టు చూశాడు.

అన్సెల్మో టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "చివర్లో ఏమైనా తిన్నదా?"

"అరటికాయ దంచి పెట్టమంది. పంది కొవ్వు వేసి. ఆ జబ్బుకి అరటి విషమని తనకి తెలుసు. ఇక ఏముందిలే పద్రీనో అంది."

"పెట్టావా?"

"పెట్టాను. సగం తిన్నది. మా అమ్మ చేత్తో చేస్తే ఇంకా బాగుండేదని వెక్కిరించింది."

అన్సెల్మో మొహం సడలింది. నవ్వబోయి, కళ్లు తుడుచుకుని, చెయ్యి బల్ల మీద జురాందిర్ చేతికి దగ్గరగా పెట్టాడు. దేవుడా, ఇప్పటికైనా వీళ్లను కలుపు అనుకున్నాను.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు పడవ ఎందుకు తిప్పావు? వాడు రేడియోలో అడుగుతున్నాడట కదా. ఇంకాసేపు ఎందుకు ఉండలేదు?"

నిజం చెప్పడానికి నేను నోరు తెరిచాను. జురాందిర్ నా వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకు నా నోరు మూతపడింది.

"భయమేసింది" అన్నాడాయన. "తుపాకులు చూసి భయమేసింది."

అన్సెల్మో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. "అంతే అనుకున్నాను" అని లేచి వెళ్లిపోయాడు. కాఫీ ముట్టలేదు.

"ఎందుకట్లా చెప్పారు?" అని ఏడ్చాను నేను.

"నువ్వు నీళ్లలోకి దిగావనే పిల్ల పడవ తిప్పమంది అని చెప్పనా? నామీద కోపంతో బతగ్గలడు నెలిదమ్మా. తనమీద కోపంతో బతకలేడు." కసియానో చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు.

ఆ ఏడాదే ఆయన వేరే చోటికి బదిలీ అడిగి వెళ్లిపోయాడు. వెళ్లే రోజు అన్సెల్మో రేవుకు రాలేదు. ప్రతి క్రిస్మస్‌కూ ఒక కార్డు వచ్చేది. పక్కింట్లో అది గుమ్మం దగ్గరే, అన్సెల్మో తీయక పడి ఉండేది.

అన్సెల్మో కిందటి వానాకాలంలో పోయాడు. ఈ మాటలు ఇప్పుడు చెప్పగలుగుతున్నది అందుకే. నేను కబురు పెడితే, ఎక్కడో సముద్రపు ఒడ్డు ఊరి నుంచి జురాందిర్ వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు, ఒళ్లు చిక్కిపోయింది. వచ్చేసరికి ఖననం అయిపోయింది. సమాధుల దగ్గర కాసేపు నిలబడి, మా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు.

"చివర్లో దగ్గరెవరున్నారు?" అని అడిగాడు.

"నేనున్నాను."

"నా మాటేమైనా అన్నాడా?"

ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకున్నాను. ఆయన మొహం చూశాక చెప్పలేకపోయాను.

"లేదండీ."

ఆయన తలాడించాడు. నేనిచ్చిన మంచినీళ్లు తాగాడు. నది దాటే ఆఖరి పడవ ఎన్నింటికని అడిగి, కర్ర అందుకుని, రేవు వైపు నడిచాడు.